నాలుగు ఖాళీ గళ్ళు

గుమాస్తా మొదటి ఓటు కాగితం విప్పి, చూసి, పక్కనున్న చెక్కపెట్టెలోకి విసిరేశాడు. రెండోదీ విసిరేశాడు. మూడోది పూర్తిగా విప్పనైనా లేదు.

"ఎందుకు పారేస్తున్నారు?" అని అడిగాను. లెక్కింపు చూడటానికి మావాళ్ళ తరఫున నన్నొక్కదాన్నే లోపలికి రానిచ్చారు.

"ఐదు పదవులు, ఐదు ఓట్లు. ఐదూ వెయ్యని కాగితం చెల్లదు. నిన్న కౌన్సిల్ తీర్మానించింది. బళ్ళో లెక్కలు చెప్తావంట, ఐదంటే తెలీదా?"

గోడకి ఆనుకుని నిలబడ్డ షెరీఫ్ నవ్వాడు.

ఓటు హక్కు చట్టం వచ్చి ఏడాది దాటింది. అమెరికా దక్షిణాదిలోని మా టోలివర్‌లో నల్లవాళ్ళమే ఎక్కువ. ఓటరు జాబితాకెక్కింది మాత్రం కొద్దిమందిమి. కౌన్సిల్ సభ్యులు ఐదుగురినీ ఊరంతా కలిసి ఎన్నుకోవాలి; ఎక్కువ ఓట్లొచ్చిన ఐదుగురు గెలుస్తారు. మా తరఫున నిలబడ్డది ఐషమ్ ఒక్కడే. మిగతా నాలుగు ఓట్లు తెల్లవాళ్ళకి వేస్తే, మా ఓట్లే వాళ్ళని అతనికన్నా పైకి లేపుతాయి. అందుకే నా భర్త థర్లో ఇల్లిల్లూ తిరిగాడు. ఐషమ్‌కి ఒక్క గుర్తు పెట్టి, మిగతా నాలుగు గళ్ళూ ఖాళీగా వదలమన్నాడు. ఓటు కోసం దెబ్బలు తిన్నవాళ్ళకి ఓటు వదులుకోమని చెప్పడం తేలిక కాదు. అతను ఓపికగా చెప్పాడు.

ఆగస్టులో అతన్ని కాల్చి చంపారు. ఎవరినీ అరెస్టు చెయ్యలేదు. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

నవంబరులో మావాళ్ళు అతను చెప్పినట్టే చేశారు. ఆ కాగితాలే చెక్కపెట్టెలో పడ్డాయి. ఐషమ్ ఓడిపోయాడు.

ఆదివారం చర్చిలో కూర్చున్నాం. ఐషమ్ తల వంచుకుని అన్నాడు: "వచ్చే ఏడాది ఎన్నికలో మిగతా నాలుగూ వాళ్ళకే వేద్దాం. కనీసం కాగితమన్నా చెల్లుద్ది."

థర్లో తల్లి మొజెల్ లేచింది. "నా కొడుకుని చంపినోళ్ళకి నా చేత్తో గుర్తు పెట్టమంటావా?"

"నేనట్టా అన్లేదు సిస్టర్."

"అన్నావు. నీ నోటితోనే అన్నావు."

"వాళ్ళు ఐదు అడుగుతున్నారు. ఐదుగుర్ని మనమే నిలబెడదాం," అన్నాను.

వెనక బెంచీలోంచి ఎవరో కసిరారు. "నిలబెట్టేదెవర్ని టీచరమ్మా? పేరిచ్చిన సాయంత్రమే కడ్‌వర్త్ మా సామాన్లు వీధిలో పారేస్తాడు. మేముండేవి జిన్నింగ్ మిల్లు ఇళ్ళు, ఆ మిల్లు ఆయనది. నీకేం, బడి జీతం."

"బడి బోర్డు అధ్యక్షుడెవరు?"



"ఆయనే," అన్నాడు ఐషమ్. "ఐదుగురం ఓడిపోతామేమో."

"ఓడితే ఓడదాం," అంది మొజెల్. "వాళ్ళని మాత్రం మన చేత్తో గెలిపించం. నా పేరు రాయండి."

నా పేరూ ఇచ్చాను. ఐషమ్ ఇచ్చాడు. మిల్లు కార్మికులు ఇంకో ఇద్దరు లేచారు. ఆ ఏడాదంతా ఓటర్లను చేర్పిస్తూ తిరిగాం.

గుమాస్తా దగ్గర అభ్యర్థులుగా పేర్లిచ్చే ఆఖరి రోజున కోర్టు మెట్ల మీద కడ్‌వర్త్ నిలబడి ఉన్నాడు.

"ఏమే మొజెల్, మా బట్టలుతికేదానివి ఊరేలుతావా?"

"మీ ఇంటి మురికి నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు దొరా?"

మా వెనకున్న జనం గొల్లున నవ్వారు. కడ్‌వర్త్ మొహం ఎర్రబడింది. అతను షెరీఫ్ వైపు చూశాడు, అంతే. మెట్లెక్కి గుమాస్తా కిటికీ దగ్గరికి చేరగానే, అల్లరి చేస్తున్నామని మా ఐదుగురికీ బేడీలు పడ్డాయి. మేమింకా సంతకాలు పెట్టలేదు.

"అభ్యర్థి స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి," అన్నాడు గుమాస్తా కిటికీలోంచి. "ఐదింటికి మూసేస్తాం."

ఐషమ్‌నీ మిగతా ఇద్దరినీ వేరే గదిలో వేశారు. కోర్టు వెనకే ఉన్న జైలు గదిలో మొజెల్ బల్ల మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి తలుపు తెరిచి ఐదుగురు ఆడవాళ్ళని లోపలికి తోశారు. ఇంకాసేపటికి మరికొందరిని. అందరూ మిల్లు మనుషులే, జుట్టు నిండా దూది.

"మీరెందుకొచ్చారు?"

"పేరివ్వడానికి టీచర్," అంది వాళ్ళలో చిన్నది ఎర్లీన్. "కిటికీ దగ్గరికెళ్ళిన వాళ్ళనల్లా పట్టుకుంటున్నారు."

"ఇంకెంతమంది ఉన్నారు?"

"వరస కోర్టు దాటి, మిల్లు గేటు దాకా ఉంది. మిషన్లాపేసి వస్తున్నారు."

వసారాలో షెరీఫ్ గుమాస్తా మీద అరుస్తున్నాడు: "ఒరేయ్, ఇక గదుల్లో చోటు లేదు. వరసలో ఎవరో ఓ ఐదుగురి పేర్లు రాసుకుని చావు!"