బ్యాటు కదపని మొనగాడు

నరసింహం కోతలకు అడ్డూ ఆపూ లేదు. గనుల చదువుకని కుర్రతనంలో జర్మనీలోని క్లాస్తాల్‌కు వచ్చి, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడే తల నెరిసింది. భూమి అడుగున తాను చూడని వింత లేదంటాడు. పైన చూసినవి ఇంకా ఎక్కువట.

కరోనా వచ్చి తలుపులు మూయించాక ఆయనే ఓ ఆట కనిపెట్టాడు. ఆదివారం పొద్దున అయినవాళ్లూ స్నేహితులూ అందరూ వీడియోలోకి రావాలి. ఇచ్చిన విషయం మీద తలా ఒక కోత కోయాలి. ఆ కోత నిజమని తేలిందా, చెప్పినవాడు అవుట్. అవుటైనవాడు మళ్లీ ఆదివారం దాకా నిజమే మాట్లాడాలి. ఆ శిక్ష తన దాకా రాదని నరసింహం ధీమా. రాకూడదు కూడా. లాక్‌డౌన్‌లో భార్య కనకలత, అక్కడి నల్లరొట్టెలకు వాడే రై పిండితో దోసెలు మొదలుపెట్టింది. ఆ పొద్దున కూడా ఆయన "అమృతం" అని ఇంకొకటి వేయించుకున్నాడు.

ఆ వారం విషయం ఆయన స్నేహితుడు, ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు విజయేంద్ర ఇచ్చాడు: పాతకాలపు అమెరికా బేస్‌బాల్‌లో ఏటేటా తేలిన హిట్ల మొనగాళ్లు. నరసింహానికి ఆ ఆట గొడవ తెలియదనుకున్నాడు. తన కోత తానే ముందు కోశాడు.

"ఒకడు కొట్టిన బంతి మబ్బులో ఇరుక్కుందిరా. వాన పడితే గానీ దిగలా. అందాకా వాడు పరుగెత్తుతూనే ఉన్నాడు. కాళ్లకు నాడాలు కొట్టించారు!"

"గుర్రం నయం," అన్నాడు నరసింహం. "నాది విను. బంతిని కొట్టి మొదటి మజిలీకి, అదే బేస్‌కు, చేరితేనే కదా హిట్టు. ఓ ఏడాది అక్కడ బ్యాటు కదపనివాడికీ హిట్టు రాశారు. బౌలరు బంతులు పక్కకు విసిరేస్తే వీడు చేతులూపుకుంటూ మొదటి బేస్‌కు నడిచిపోవడమే. ఆ నడకా హిట్టే! అలా నడిచీ నడిచీ ఆ ఏటి మొనగాడు రెండుసార్లు దిగితే ఒకసారి హిట్టన్నంత లెక్క తెచ్చుకున్నాడు."

అది ఆయన సొంత సరుకు కాదు. చదువుకునే రోజుల్లో రైల్లో ఒక అమెరికా సైనికుడు చెప్పాడు. అంత అందమైన అబద్ధం తన జన్మలో వినలేదని, అవసరానికి పనికొస్తుందని ఇన్నేళ్లూ దాచుకున్నాడు.

లైప్‌జిగ్‌లో చదువుకుంటున్న మనవరాలు తన్వి ఫోన్ చూసి పకపకా నవ్వింది.

"తాతయ్యా, ఇది ట్రూ! పద్దెనిమిది వందల ఎనభై ఏడు. ఆ ఒక్క సీజన్ వాక్స్‌ని కూడా హిట్స్‌గా కౌంట్ చేశారట!"

నరసింహం నోరు తెరిచాడు. యాభై ఏళ్లకు పైగా ఆ సైనికుణ్ణి తనకు గురువనుకున్నాడు. వాడు నిజం చెప్పి మోసం చేశాడు.

"ఆ లెక్క తర్వాత తీసేశారేమో చూడమ్మా," అన్నాడు.

"తీసేశారు తాతయ్యా, చాలా ఏళ్లకి."

"అదీ! తీసేశాక అబద్ధమే కదా?"

"ఏరా, ముందు నిజమేగా?" అన్నాడు విజయేంద్ర. "కనకలత గారూ, అంపైరు మీరే. చెప్పండి."

పక్క కుర్చీలో కనకలత కమలాపండు వలుస్తూ ఆలోచించింది.

"ఆ రోజున రాసింది రాసినట్టే. ఈయన అవుట్."

తెర మీద చప్పట్లు మోగాయి. ఆవిడ కుర్చీ ఆయన వైపు తిప్పింది.

"అయితే చెప్పండి. పొద్దున దోసె ఎలా ఉంది?"

నరసింహం తెర వైపు చూశాడు. విజయేంద్ర చెవి తెరకు ఆనించి మరీ వింటున్నాడు.

ఆయన లేచి, తలుపు పక్క మేకుకు వేలాడుతున్న మాస్కు తీసి, మూతికి తగిలించుకున్నాడు.