తప్పులమ్మ

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. జీవితమంతా నక్షత్రాల లెక్కలు కట్టినదాన్ని, తప్పు కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. అంతరిక్షం మీద సినిమా తీస్తున్నాం, తప్పులు దొర్లకుండా చూసిపెట్టండి అని ఒక దర్శకుడు వచ్చి అడిగితే, ఈ పని నాకంటే బాగా ఎవరు చేస్తారులే అనుకుని ఒప్పుకున్నాను. నిజం చెప్పొద్దూ, అప్పటికి మా అక్క పోయి ఏడాది కావస్తోంది. ఇద్దరం పెళ్ళి మాట తలపెట్టకుండా, ఒకే ఇంట్లో పోట్లాడుకుంటూ ముసలివాళ్ళమయ్యాం. అక్క పోయాక ఆ ఇంట్లో తిట్టడానికి కూడా నాకు మనిషి లేదు.

స్టూడియోలో బోలెడంత మంది దొరికారు. గాలే లేని చోట ఓడ పేలితే చప్పుడెలా వస్తుందయ్యా అని శబ్దాలు కలిపే అబ్బాయిని వేపుకు తిన్నాను. అక్కడ నక్షత్రాలు మిణుకుమనవని చెప్పీ చెప్పీ విసిగించానేమో, కెమెరామన్ నన్ను చూస్తే పక్క గుమ్మంలోంచి జారుకునేవాడు. వెనకాల నాకు తప్పులమ్మ అని పేరు పెట్టారు. అది నా చెవిన పడింది. పైకి ముఖం ముడుచుకున్నాను గానీ లోలోపల మురిసిపోయాను. పేరు పెట్టారంటే మనల్ని మనిషి కింద లెక్కేసినట్టేగా.

ఎక్కువ కాలం గ్రాఫిక్స్ అమ్మాయి పక్కనే గడిచింది. కిటికీ లేని గది, వణికించే ఏసీ, రెండు పెద్ద తెరలు. ఆ పిల్ల కృష్ణబిలాన్ని తయారుచేస్తోంది. దాని చుట్టూ తిరిగే వేడి వాయువులో, మనవైపు దూసుకొచ్చే పక్క ఎక్కువ వెలుగుతుంది, అవతలికి పోయే పక్క మసకబారుతుంది. ఈ సంగతి చెప్పగానే, రెండు పక్కలా సమానంగా వెలిగించిన వలయాన్ని మారు మాట్లాడకుండా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. మా సినిమాలో వాయువు ఎడమ పక్కన మనవైపు వస్తుంది, కాబట్టి వెలుగు ఎడమ పక్కనే ఉండాలి. అలా ఖాయం చేసింది నేనే. మధ్యాహ్నాలు తన డబ్బాలోది సగం నాకు పెట్టేది. వద్దంటే వినేది కాదు.

ఆ రోజు ఆఖరి షాటు చూపించారు. నేను సరే అంటే సినిమా నా చేతుల్లోంచి వెళ్ళిపోతుంది. మర్నాటి నుంచి పొద్దున్నే లేచి పోవడానికి నాకొక చోటుండదు. ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా అని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. చచ్చినా దొరకలేదు. అంత చక్కగా చేసినందుకు ఆ పిల్ల మీద కోపం కూడా వచ్చింది.

“వెలుగు కుడి పక్కన ఉండాలి,” అన్నాను.

దర్శకుడు గ్రాఫిక్స్ అమ్మాయి వంక చూశాడు. మార్చడానికి ఇంకో వారం పడుతుందని ఆమె అంది. ఆయన తల ఊపి బయటికి వెళ్ళిపోయాడు. ఇంకో వారం నాకు ఇక్కడ పని ఉంది. ప్రాణం కుదుటపడింది.

ఆ పిల్ల ఫోను తీసి అత్తగారితో మాట్లాడింది. పని అయిపోతుందని, ఆ సాయంత్రమే కూతుర్ని ఇంటికి తెచ్చుకుంటానని ముందే చెప్పి ఉంచిందట. ఇంకో వారం మీ దగ్గరే ఉంచండి అత్తయ్యా అంటోంది. తర్వాత కూతురు మాట్లాడినట్టుంది, ఏడవకు బంగారం అంటూ అటు తిరిగిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది.

ఆమె ఫోను పెట్టగానే, “మార్చకు. ఎడమే సరైంది,” అన్నాను.

“తెలుసమ్మా. మీరే కదా నేర్పింది.”

తెలిసీ ఎలా మార్చేదానివని నిలదీశాను. మార్చేది కాదట. వారం ఆగి ఇదే మళ్ళీ చూపించేదట. పోయిన నెల నేను తప్పుబట్టిన నీడ కూడా అలాగే ముట్టుకోకుండా చూపిస్తే, ఇప్పుడు బాగుందన్నానట. ఆ నీడలో తప్పు లేదని నాకు ఆనాడే తెలుసు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

“మరి పాపనెందుకు ఉంచమన్నావు?”

“మీరొస్తే పక్కన ఎవరైనా ఉండాలి కదమ్మా. ఆవిడకి ఎవరూ లేరు, రానివ్వండి అని డైరెక్టర్ సార్ చెప్పారు.”

నాకెవరూ లేరని ఆయనకెవరు చెప్పారని గయ్యిమన్నాను. ఆ పిల్ల తల దించుకుని, మీరే చెప్తుంటారుగా అంది. చెప్పే ఉంటాను. షాటు సరిగ్గానే ఉందని దర్శకుడికి అప్పుడే కబురు పెట్టించి, వెళ్ళి పాపను తెచ్చుకోమన్నాను. ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది. తెరలు ఆర్పి సంచీ భుజాన వేసుకుంది.

“మా ఇంటికి రండమ్మా, ఎప్పుడైనా,” అంది గుమ్మంలో ఆగి.

అది మర్యాదకి అన్న మాటని చంటిపిల్లకైనా తెలుస్తుంది.

“ఎప్పుడైనా అంటే ఎప్పుడు?” అని అడిగేశాను.

ఆ పిల్ల ఫోనులో టైము చూసుకుంది.