ఊరూ పేరూ లేని ఈల

నలభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె బుజ్జే. కళ్లద్దాల షాపులో పని. వచ్చినవాళ్ల ముక్కు చూడగానే ఏ ఫ్రేము నిలబడుతుందో, ఏది జారుతుందో చెప్పేస్తుంది. ఎంతటి పేచీకోరునైనా మాటలతో కూర్చోబెట్టేస్తుంది. అంత గడుసు మనిషికి లోకంలో ఉన్నది ఒకటే భయం, అక్క నవ్వు.

చిన్నప్పుడు బుజ్జి ఈలపాట భలే పాడేది. ఓసారి బడి వేదికెక్కి, నిండు సభలో ఊపిరి బిగించి మొదలుపెడితే పాట కన్నా ముందు తుంపర్లు వచ్చాయి. అందరికంటే ముందు పకపకా నవ్వింది ఎవరో కాదు, మొదటి వరసలో కూర్చున్న సొంత అక్క. అంతటితో ఊరుకుందా? "మా చెల్లి కుక్కర్ కూత కూసింది" అని వీధివీధంతా చాటింపు వేసింది. ఆ రోజుతో బుజ్జి నోటికి తాళం పడింది.

ఆ తాళం ఈ మధ్యే ఊడింది. అక్కాబావల ఇంట్లో పైగది ఆమెది. ఆదివారం సాయంత్రం గడియపెట్టి, ఫోన్ను ఖాళీ గోడవైపు తిప్పి, ఈల వేసి సోషల్ మీడియాలో పెట్టడం మొదలుపెట్టింది. ఖాతా పేరు "ఊరూ పేరూ లేని ఈల". మొహం కనిపించదు, మాట వినిపించదు. పైగా వీపీఎన్ ఒకటి. అది ఆన్ చేస్తే ఫోను ఎక్కడో సముద్రాల అవతల ఉన్నట్టు చూపిస్తుందని తెలిసిన రోజున బుజ్జి సంబరం అంతా ఇంతా కాదు. ఒక వారం మంచు దేశం నుంచి, ఇంకో వారం ఎడారి దేశం నుంచి ఈల వేసింది. మెచ్చుకునేవాళ్లు పెరిగారు. అదృష్టం కూడా కలిసొచ్చింది. సరిగ్గా ఆ వేళకే పక్కింటి వడ్రంగి రంపం ఆగేది, ఎదురింటి మిక్సీ నోరు మూసుకునేది, కింద అక్క కుట్టుమిషనులో దారం తెగేది.

ఒక రోజు ఆ వడ్రంగే కొత్త కళ్లద్దాల కోసం షాపుకొచ్చాడు. బుజ్జి అద్దాలు పెట్టి, చెవుల వెనక సరిచేసింది.

"మీ ఫోన్ తీసి చదవండి బాబాయ్. చిన్నక్షరాలు ఆనుతున్నాయా?"

"ఓ, ముత్యాల్లా కనిపిస్తున్నాయమ్మా!" అంటూ ఆయన గట్టిగా చదివాడు. "ఊరూ పేరూ లేని ఈల కొత్త వీడియో పెట్టారు..." చదివి నాలిక్కరుచుకున్నాడు.

బుజ్జి చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. "అది... అది నేనని తెలుసా?"

"నేనేం వెతకలేదమ్మా. 'ఈమె మీకు తెలిసినావిడేమో చూడండి' అని ఫోనే చూపించింది. నీ నంబరు నా దగ్గరుందిగా. మన వీధిలో అందరికీ అలాగే చూపించింది."

బుజ్జికి అప్పుడు గుర్తొచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు రోజూ వాడే నంబరే ఇచ్చింది, ఆ తర్వాత యాప్ ఏం అడిగినా చదవకుండా "సరే" నొక్కుకుంటూ పోయింది. వీపీఎన్ ఊరిని దాచగలదు గానీ, ఆమే చేతులారా ఇచ్చిన నంబరును ఎలా దాస్తుంది?

"పోనీ, మా అక్కకి తెలీదు కదా?"

"భలేదానివే! ఆదివారం చప్పుడు చెయ్యొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది ఆవిడేగా. నీకు చెప్పబోమని మా అందరిచేతా ఒట్టు కూడా వేయించుకుంది."

బుజ్జికి తల కొట్టేసినట్టయింది. అన్ని దేశాలు తిరిగి, చివరికి అక్క చేతికే చిక్కిందన్నమాట. ఇక జన్మలో ఈల వేయనని దారి పొడుగునా అనుకుంటూ ఇంటికెళ్లింది.

అక్క మిషను దగ్గర దిండుగలీబు కుడుతోంది.

"బాగా నవ్వుకున్నావా?" అంది బుజ్జి, చెప్పులైనా విప్పకుండా.

అక్కకు సంగతి అర్థమైంది. మిషను ఆపింది.

"మొదటిసారి విని ఏడ్చానే," అంది. "ఆ రోజు నేను నవ్వకపోయుంటే ఇన్నేళ్లూ ఇంట్లోనే వినేదాన్ని కదా! పైగదిలో ఉన్న చెల్లెలి పాటని పరాయిదానిలా ఫోన్లో వినే ఖర్మ నాకు నేనే తెచ్చుకున్నా."

బుజ్జి అప్పుడు చెప్పులు విప్పింది. ఇన్నేళ్లుగా తను ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమేనని, అది విన్నాక గానీ ఆమెకు తెలియలేదు.

"ఇప్పుడు వెయ్యి. నా ఎదురుగా," అంది అక్క.

"నవ్వుతావు."

"నవ్వనే, నీమీదొట్టు."

బుజ్జి పెదాలు సున్నాలా చుట్టి ఊదింది. ఉత్త గాలి వచ్చింది. అక్క బుగ్గలు బిగబట్టింది, కళ్లు పెద్దవి చేసింది, ఇక ఆపుకోలేక ఫక్కుమంది. ఆమెను చూసి బుజ్జికీ నవ్వు తన్నుకొచ్చింది. నవ్వే పెదాలతో ఈల రాదు కాబట్టి, పాట మొదలవడానికి చాలాసేపే పట్టింది.