నోట రాకూడని మాట

మా స్టూడియోలో ‘తాడు’ అన్న మాట నోట రాకూడదు. అది అపశకునం. నోరుజారినవాళ్లు ఆ సాయంత్రం అందరికీ వైన్ పోయించాలి. ఇన్నేళ్లలో ఒక్కసారీ దొరకని మనిషి మా డైరెక్టర్ అన్సెల్మ్ గారు.

ఆయన సినిమాకి వీధి కావాలంటే మేం కట్టాల్సిందే, వాన కావాలంటే కురిపించాల్సిందే. ఇప్పుడు కుర్రాళ్లు కెమెరా భుజానేసుకుని పారిస్ వీధుల్లోనే తీసేస్తున్నారు. పత్రికలు ఆయన్ని పాత సరుకన్నాయి. ఇదే మీకు ఆఖరిదని నిర్మాత తేల్చేశాడు.

ఆ సినిమా చివరి షాట్ కూడా అయిపోయింది. అందరం తలలు వంచుకుని కోట్లు తొడుక్కుంటున్నాం. ఉండమని అడగడానికి ఆయనకు నోరు రావడం లేదు.

“అంత తొందరేమిటోయ్ ఫిర్మాన్?” అన్నాడు లైట్ల మేస్త్రీతో.

“రైలుంది గురువుగారూ. సూప్ చల్లారితే మా ఆవిడ వేడెక్కుతుంది.”

ఆయన తలూపాడు. పైన వేలాడే తెరకేసి చూశాడు.

“దాన్ని పట్టుకున్నదేమిటి?”

“తీగండీ.”

“కాదు, తాడు! తాడు! తాడు!”

అందరం నిలువునా బిగుసుకుపోయాం. ముందుగా మేకప్ వేసే ఒడీల్ చప్పట్లు కొట్టింది. “దొరికాడమ్మా పెద్దమనిషి!”

ఫిర్మాన్ కోటు విప్పేశాడు. “మూడుసార్లన్నారు. మూడు విడతలు పోయించాలి.”

“మరి సూప్?”

“చల్లారనీండి. కట్టుబాటు కట్టుబాటే.”

ఆయన టోపీ పెట్టుకుని, “తప్పుతుందా మరి, పదండి,” అంటూ ముందు నడిచాడు.