తక్కువ తిరిగే నక్షత్రం

గుమ్మంలో బెల్లం వాసన.

దారానికి వేలాడుతున్న చెరకుపుల్ల. ఆ చివర ఒక బెల్లం ముక్క, ఈ చివర ఇంకొకటి. మెల్లగా తిరుగుతున్నాయి.

రేపు ఇంటర్ పిల్లలకి జంట నక్షత్రాల పాఠం. అనకాపల్లిలో ఫిజిక్స్ చెప్పే జాకబ్ చేతికి బెల్లం కాక మరేం దొరుకుతుంది?

పెద్ద ముక్క దారానికి దగ్గర. ఉన్నచోటే చిన్న సున్నా చుడుతోంది. చిన్న ముక్క దూరం. గాల్లో పరుగెడుతోంది.

తక్కువ తిరిగేదే బరువైనది. జంట నక్షత్రాలకి అదే తక్కెడ.

పెద్దది నేను, అనుకున్నాడు. చిన్నది తన భార్య అక్సా.

ఆ మాట ఆమెకి చెప్పలేదు.

ఒకప్పుడు అక్సాయే తిరిగేది. అతని బస్సు ఆలస్యమైతే మిస్డ్ కాల్. అన్నం చల్లారితే మిస్డ్ కాల్. ఇప్పుడు ఆమె అడగదు. అతనే మిస్డ్ కాల్ ఇస్తున్నాడు, ఆమె పనిచేసే బడి వదిలే వేళకి. తిరిగి ఫోన్ రాదు.

ఆమె కదలడం లేదు.

ఆమెకి ఈ బరువు ఎక్కడిది?

మరీ దగ్గరగా తిరిగే జంటలో ఒకటి రెండోదానిలోకి ఒలికిపోతుంది… పాఠంలో ఉన్నదే. మనసు మాత్రం ఇంకో లెక్క వేసింది. కనబడని మూడోది ఉందేమో. ఏదో అడ్డం వస్తేనే కదా వెలుగు తగ్గేది — ప్రతి మంగళవారం అక్సా ముఖం అలాగే మసకబారుతోంది. ఆలస్యంగా వస్తోంది. పనుందంటోంది.

తెల్లారేసరికి పుల్ల వాలిపోయి ఉంది.

చిన్నది కిందికి. పెద్దది పైకి.

ఎవరో ముట్టుకున్నారు.

"నువ్వేనా?"

"నాకేటి పని? చీమలండీ. కిందనుంచి సూడండి."

చూశాడు. పైకి నిండుగానే ఉంది పెద్ద ముక్క. లోపలంతా డొల్ల. ఆ డొల్లలో నల్లగా ఏదో కదులుతోంది…

అక్సా సంచీ భుజాన వేసుకుంది.

"పోయిన మంగళవారం మా బడి ఎదురుగా టీకొట్టు కాడ నిలబడ్డారు. గ్లాసు మొహానికి అడ్డం ఎట్టుకుంటే కనపడరనుకున్నారా?"

అతను ఆ డొల్లలోకి ఊదాడు.

"రోడ్డు దాటొచ్చి అడిగుంటే సెప్పేదాన్ని."

"ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు సెప్తే నమ్ముతారేటి?"

నమ్ముతాననబోయాడు. మాట నోట్లోనే ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు.

గేటు చప్పుడైంది.

ఇవాళా మంగళవారమే.

పాఠానికి టైమవుతోంది. దారాన్ని జరిపాడు — ఆమె వైపు. ఇంకొంచెం ఆమె వైపు. పుల్ల సమంగా నిలిచింది.

సాయంత్రం టీకొట్టు దాకా వెళ్తాడు. అది తెలుసు.

రోడ్డు దాటుతాడా…

చీమలు దారం వెంట దిగుతూనే ఉన్నాయి. రెండు ముక్కలూ మెల్లగా తిరగసాగాయి.

గుమ్మంలో బెల్లం వాసన.