రెండుసార్లు కట్టిన ఫీజు

"ఇది ఇప్పటికే కట్టేశారండీ," అన్నాడు దైవాధీనం, డీడీని కిటికీలోంచి మెల్లిగా వెనక్కి తోస్తూ.

బందరులో ఆ లా కాలేజీ ఫీజుల కిటికీ దగ్గర శ్రీలక్ష్మి నాలుగేళ్ళుగా ఏటా నిలబడుతోంది. ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు. ఆవిడ గుడ్లవల్లేరు పక్క ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరు, ఉండేది గుడివాడలో. ఫీజు కట్టే రోజు ఆవిడకి పండగ. సెలవు పెట్టి, బ్యాంకుకి వెళ్ళి డీడీ తీసి, నలగకుండా పుస్తకంలో పెట్టుకుని బందరు బస్సెక్కుతుంది. ఫోన్లో పంపితే నిమిషం పనని అందరూ చెప్పారు. నిమిషంలో అయిపోయే పనిలో సుఖమేముంది? మేనకోడలు ప్రణతి లాయరు చదువుకి డబ్బు కడుతున్నది తనేనని బ్యాంకు గుమాస్తాకి తెలియాలి, బస్సులో పక్కసీటావిడకి తెలియాలి, దారిలో కనిపిస్తే పాత స్నేహితురాలికీ తెలియాలి. అందుకు ఒక రోజు పడుతుంది మరి.

"ఎవరు కట్టారు?"

దైవాధీనం కంప్యూటరులోకి చూశాడు. "రమ్య అని ఉందండీ. నిన్న సాయంత్రం ఫోన్లోంచి కట్టారు. ముప్పై ఎనిమిది వేలూ పడిపోయింది. ప్రణతి వాళ్ళ అమ్మగారేగా?"

ఆ 'అమ్మగారు' దగ్గర శ్రీలక్ష్మికి ఒళ్ళు భగ్గుమంది.

"ఆవిడది వెనక్కి పంపెయ్యండి. నాది తీసుకోండి."

"ముందు పడింది అదండీ..."

"నాలుగేళ్ళు కట్టినదాన్ని నేను బాబూ. ఇది ఆఖరిది. ఇదీ నేనే కడతాను."

ఫీజు నువ్వు కట్టు అంటే నువ్వు కట్టు అని కిటికీ ముందే దెబ్బలాడుకున్న అన్నదమ్ములని దైవాధీనం చాలామందిని చూశాడు. నేనే కడతానని పోట్లాడేవాళ్ళని చూడడం ఇదే మొదలు. అటూ ఇటూ చూసి డీడీ అందుకున్నాడు.

"అయితే ఒకటి రిఫండ్ చెయ్యాల్సి ఉంటుందండీ. ఎవరిది ఎవరికి తిరిగివ్వాలో స్టూడెంటే అర్జీ రాసివ్వాలి. శుక్రవారం లోపల."

"రాయిస్తాను," అంది శ్రీలక్ష్మి.

గుడివాడ తిరుగు బస్సులో ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. రమ్య ఆవిడ తమ్ముడు కౌండిన్య భార్య. ముదినేపల్లి దగ్గర చేపల చెరువు లీజుకి తీసుకుని, నష్టం మీద నష్టం వచ్చి, కౌండిన్య ఒకరోజు గుండెపోటుతో పోయాడు. అప్పటికి ప్రణతికి పదేళ్ళు. అతను నీటిపారుదల శాఖలో ఉద్యోగి కాబట్టి ఆ ఉద్యోగం రమ్యకి ఇచ్చారు, ఇచ్చి దివిసీమలో అవనిగడ్డకి వేశారు. పిల్ల బడి మానకుండా గుడివాడలోనే మేనత్త దగ్గర ఉంటే మంచిదని అందరూ అన్నారు. పెళ్ళి మాట తలపెట్టని శ్రీలక్ష్మి ఇంట్లో అలా ఒక పిల్ల వచ్చి చేరింది. ఆ మంచిని అందరికంటే ముందు ఒప్పుకున్నది శ్రీలక్ష్మే.

అక్కడే మొదలైంది కుళ్ళు. నెలంతా జడలు వేసేది, కారేజీ కట్టేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది తను. రెండో శనివారం రమ్య సంచీ నిండా సపోటాలు వేసుకుని వచ్చేసరికి పిల్ల గేటు దాకా పరిగెత్తేది. ఆ పరుగు తనకోసం ఎప్పుడూ పరిగెత్తలేదే అని శ్రీలక్ష్మి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేసేది. రమ్య వెళ్ళిపోయాక సపోటాలు పనమ్మాయి పాపాయమ్మకి ఇచ్చేసేది. పిల్ల అడిగితే మెత్తబడిపోయాయని చెప్పేది. ఆవిడే ఒక్కోసారి తన బుద్ధికి తనే సిగ్గుపడేది, కానీ వచ్చే నెల మళ్ళీ ఇచ్చేసేది.

లా సీటు వచ్చినప్పుడూ అంతే. తల్లికి ప్రభుత్వోద్యోగం ఉంది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంటు రాదని సచివాలయంలో చెప్పేశారు. సరే, ఎడ్యుకేషన్ లోను అడుగుదామని శ్రీలక్ష్మి ప్రణతిని వెంటబెట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది. మేనేజరు కాగితాలన్నీ చూసి, "తల్లి బతికుండగా మేనత్త సంతకం సరిపోదండీ. ఆవిడ్ని ఒకసారి తీసుకురండి," అన్నాడు. శ్రీలక్ష్మి కాగితాలు లాక్కున్నంత పని చేసి బయటికి వచ్చేసింది. వడ్డీ మరీ ఎక్కువని ప్రణతికి చెప్పింది. లోను అక్కర్లేదు, నేను చూసుకుంటానని రమ్యకి చెప్పింది. భర్త చేసిన అప్పులు తీర్చుకుంటూ ఉన్న రమ్య ఇంకేమీ అడగలేకపోయింది. ఆ ఏడాది నుంచి శ్రీలక్ష్మి కొత్త చీర కొనుక్కోలేదు. కొనుక్కోలేదని నలుగురికీ చెప్పింది కూడా.

సాయంత్రం ప్రణతి కాలేజీ నుంచి రాగానే, చెప్పులన్నా విప్పకముందే శ్రీలక్ష్మి అడిగింది.

"మీ అమ్మ ఫీజు కట్టిందని నీకు తెలుసా?"

"తెలుసత్తా. లింకు పంపమని అడిగింది, పంపాను."

"నాకో మాట చెప్పాలనిపించలేదా?"

"చెబితే నువ్వు కట్టనివ్వవుగా."

సమాధానం సూటిగా ఉంది. లా చదివిస్తే ఇలాగే ఉంటుందని శ్రీలక్ష్మికి ఇంకా కోపం వచ్చింది. "శుక్రవారం లోపల అర్జీ ఇవ్వాలట. మీ అమ్మ డబ్బు మీ అమ్మకి పంపించెయ్యమని రాయి."

ప్రణతి కాసేపు ఆవిడ ముఖంలోకి చూసి, "రాస్తాలే," అని లోపలికి వెళ్ళింది.

మర్నాడు బళ్ళో మధ్యాహ్న భోజనం వేళకి రమ్య ఫోన్ చేసింది.

"వదినా, ప్రణతి చెప్పింది. ఈ ఒక్క ఏడాదీ నన్ను కట్టనివ్వండి. ఆయన బాకీలన్నీ మొన్న మార్చితో తీరిపోయాయి. మొదటిసారి నా జీతం నా చేతికొచ్చింది. దాని చదువులో నాదీ ఓ పిసరు ఉందనిపించుకుందామని..."

"చివర్లో ఓ పిసరు వేసి, పిల్ల లాయరయిన రోజు పక్కన నిలబడి నా కూతురండీ అని చెప్పుకుందామనా?"

అనేశాక తన మాట తన చెవికే వినిపించింది. రమ్య, "మీ ఇష్టం వదినా," అని పెట్టేసింది. గెలిచానని శ్రీలక్ష్మి అనుకుంది. ఆ మధ్యాహ్నం మూడో తరగతి పిల్లలని అకారణంగా కసిరింది.

శుక్రవారం పొద్దున్నే దైవాధీనం నుంచి ఫోన్. "ప్రణతి గారు అర్జీ ఇచ్చేశారండీ. మీరొచ్చి ఒక్క సంతకం పెట్టి వెళ్ళాలి." సంరక్షకురాలి సంతకం కావాలి కాబోలనుకుని శ్రీలక్ష్మి ఒంటిపూట సెలవు పెట్టింది. బీరువాలోంచి ఉన్నవాటిలో మంచి చీర తీసి కట్టుకుంది. బస్సులో పక్కసీటావిడతో ఈసారి బాగానే కబుర్లు చెప్పింది.

దైవాధీనం ఒక కాగితం ముందు పెట్టి వేలు చూపించాడు. "ఇక్కడండీ. పదిహేను రోజుల్లో మీ ఖాతాలో పడిపోతుంది."

"నా ఖాతాలోనా? నా ఖాతాలో ఎందుకు పడుతుంది?"

అతను అర్జీ తిప్పి చూపించాడు. వేళ్ళు పట్టుకుని తను దిద్దించిన అక్షరాలే అవి, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. 'మా మేనత్త శ్రీలక్ష్మి గారు డీడీ ద్వారా చెల్లించిన సొమ్మును వారి ఖాతాకు తిరిగి జమ చేయవలసిందిగా కోరుతున్నాను.' వెనక తన పాసుపుస్తకం జిరాక్సు. తనకి తెలియకుండా తన బీరువాలోంచే తీసుకెళ్ళింది.

శ్రీలక్ష్మి కాగితాన్ని వెనక్కి తోసేసింది. "నేను సంతకం పెట్టను," అని వరండాలో బల్ల మీద కూలబడింది. క్లాసు వదిలాక ప్రణతి వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ తల తిప్పలేదు.

"నా డబ్బు చేదయిపోయిందా నీకు?"

"కాదత్తా."

"పన్నెండేళ్ళు పెంచాను. నీ పదో తరగతి పరీక్షలకి సెంటరు బయట ఎండలో కూర్చున్నది నేను. నువ్వు అలిగి అన్నం మానేస్తే నేనూ మానేశాను. ఆవిడ ఫోన్లో ఒక్క నొక్కు నొక్కేసరికి తల్లయిపోయిందా?"

ప్రణతి ఆవిడని ఆపలేదు. అన్నీ అననిచ్చి, అప్పుడు చెప్పింది.

"అమ్మ డబ్బు వెనక్కి పంపిస్తే అమ్మ ఇంకెప్పుడూ ఏదీ ఇవ్వడానికి రాదత్తా. ఊరుకుండిపోతుంది. నీ డబ్బు వెనక్కి పంపిస్తే నువ్వు నన్ను నాలుగు తిట్టి, సాయంత్రానికి అన్నం పెడతావు. ఎవరు నన్ను వదిలిపోరో వాళ్ళదే వెనక్కి పంపాను. నాకు ఆ ధైర్యం నీ దగ్గరే ఉంది."

శ్రీలక్ష్మి ఇప్పుడు తల తిప్పి చూసింది.

"ఇంకోటి. ఆ రోజు బ్యాంకులో నేను అద్దం తలుపుకి ఇవతలే నిలబడ్డాను. మేనేజరు అన్నది విన్నాను. అమ్మకి చెప్పి ఉంటే అమ్మ ఆ రోజే వచ్చి సంతకం పెట్టేది. నువ్వు చిన్నబోతావని చెప్పలేదు. ఈసారి అమ్మ చిన్నబోతే నేను చూడలేను."

నాలుగేళ్ళు ఆ అబద్ధాన్ని ఎంతో భద్రంగా దాచాననుకుంది శ్రీలక్ష్మి. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి ఉన్నమాట అనేసింది.

"అవునే. నాకు కుళ్ళు. మీ అమ్మని చూస్తే కుళ్ళు. గేటు తీసుకుని వస్తుంటేనే కడుపులో మంట పుడుతుంది. ఏం చెయ్యమంటావు?"

"అమ్మకీ నువ్వంటే అంతే," అంది ప్రణతి.

శ్రీలక్ష్మి చటుక్కున తలెత్తింది. "ఎవరు చెప్పారు?"

"అమ్మే. మొన్న నువ్వు ఫోన్లో అన్న మాటకి ఏడ్చి, అప్పుడు చెప్పింది."

"ఏమని చెప్పింది?"

ఆ గొంతులో ఆత్రం దాచుకోవాలని కూడా ఆవిడకి తోచలేదు.

"ఏడో తరగతిలో నాకు జ్వరం తగిలింది చూడు, అమ్మ సెలవు పెట్టి వచ్చి రెండు రోజులు నా మంచం దగ్గరే ఉంది. ఒంటి మీద తెలివి లేక నేను అమ్మ చెయ్యి తోసేసి, అత్త కావాలి, అత్తని పిలవండి అన్నానట. నువ్వొచ్చి పట్టుకుంటే అప్పుడు పడుకున్నానట. మర్నాడు అమ్మ వెళ్ళిపోయింది కదా. బస్సులో ఏడుస్తూనే వెళ్ళిందట."

"ఎందాకా?"

"చల్లపల్లి దాకా."

పన్నెండేళ్ళుగా శ్రీలక్ష్మి వినాలనుకున్న మాట ఇదే. విన్నందుకు సంతోషం కలగలేదంటే అబద్ధం. గుండె నిండా కలిగింది. పిల్ల తనని పిలిచింది, తల్లి చెయ్యి తోసి మరీ పిలిచింది! ఆ సంతోషంలోనే ఆవిడ మనసు ఆ బస్సు వెంట పడింది. గుడివాడ స్టాండు దాటాక పామర్రు, కూచిపూడి, మొవ్వ, ఆ తర్వాత ఎప్పటికో చల్లపల్లి. అంత దారీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ పక్కన ఒక మనిషి. మొగుడు పోయి అప్పటికి రెండేళ్ళు. శ్రీలక్ష్మి సంతోషం పామర్రు దాటలేదు.

"పక్కన ఎవరైనా ఉన్నారా ఆ పిల్లకి?" అని అడిగింది. రమ్యని ఆవిడ ఎన్నడూ అలా అనలేదు.

"ఎవరుంటారత్తా."

శ్రీలక్ష్మి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, కాగితం ఇమ్మని చెయ్యి చాపింది. సొమ్ము తిరిగి తీసుకోవడానికి సమ్మతి అని ఉన్న చోట పెన్ను ఆనించి ఒక నిమిషం ఆగింది. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, కడుపులోనే ఉంది. అలాగే సంతకం పెట్టింది.