మిగిలిన రాగి ముక్క

మస్తానమ్మ గాజు సీసాలు తుడిచి, స్టూళ్ళను గోడవారకు జరిపింది. నరసరావుపేటలోని ఆ డిగ్రీ కాలేజీ ల్యాబులో పాతికేళ్ళుగా ఆమె పని ఇదే. అరవై నిండాయి, ఈ సాయంత్రంతో సరి. చిన్నప్పుడు వెదురు పేళ్ళు కోసిన గీతలు ఆమె వేళ్ళమీద ఇంకా తెల్లగానే ఉన్నాయి.

బల్ల దగ్గర కణం నమూనా ముందు లెక్చరర్ ఝాన్సీలక్ష్మి చెమట తుడుచుకుంటోంది. స్టీలు రింగుకు సాగదీసి కట్టిన రబ్బరు, కణం పైపొర. దాని అడుగున కొక్కేలతో అల్లిన మూడు కాళ్ళ రాగి ముక్కలు, ప్రొటీన్లు. అవి వంగి పొరను లోపలికి లాగితే గుంట పడాలి. బయటి ఆహారం ఆ గుంటలో పడి కణంలోకి పోవాలి. పొర మాత్రం పళ్ళెంలా చదునుగా ఉంది.

పదకొండింటికి తనిఖీ. ఈ బయాలజీ గ్రూపులో చేరింది తొమ్మిదిమంది విద్యార్థులే. మెప్పించకపోతే గ్రూపు ఎత్తేస్తారు, ఝాన్సీలక్ష్మి ఉద్యోగమూ పోతుంది.

"ఇరవై నిమిషాలే ఉంది మస్తానమ్మా." ఝాన్సీలక్ష్మి గడియారం చూసింది.

మస్తానమ్మ వంగి పొర అడుగున చూసింది.

"ఏందమ్మా, ఈ సందుల కళ్ళన్నీ ఆరు మూలలవే అల్లినావు? ఇట్ట అల్లితే చాప అవుద్ది గానీ గంప అవుద్దా?"

"మరెట్లా?"

"మా అమ్మ కోళ్ళగంప అల్లేటప్పుడు వంపు కాడ అయిదు మూలల కన్ను వేసేది. అప్పుడే అది తిరుగుద్ది."

ఝాన్సీలక్ష్మి పుస్తకం తిప్పింది. బొమ్మలో ఆరు మూలల మధ్య అయిదు మూలలవీ ఉన్నాయి. తనే చూడలేదు.

"ఇన్నేళ్ళూ ఈ విద్య ఎక్కడ దాచావు?"

"ఎవరన్నా అడిగితే గదా!"

గేటు దగ్గర కారు హారన్ మోగింది. మస్తానమ్మ అక్కడక్కడా ఒక్కో ముక్క ఊడదీసి సొరుగులో వేస్తూ, మిగతావాటిని దగ్గరకు లాగి కొక్కెం వేసింది. తీగె గుచ్చుకుని వేలినుంచి రక్తం కారింది. మెట్లమీద బూట్ల చప్పుడు. ఆఖరి ముక్క ఊడి ఆమె చేతిలోనే ఉండిపోయింది, చివరి కొక్కెం పడింది. పొర నెమ్మదిగా దిగి గుంట అయింది.

తనిఖీ అధికారి ఆహారానికి గుర్తుగా పెట్టిన పూసను పొరమీద వదిలాడు. అది దొర్లి గుంటలో ఆగింది. ఆయన మళ్ళీ వదిలాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"గ్రూపు ఉంచమనే రాస్తాను," అన్నాడు.

బీరువా పక్కన స్టూలుమీద కూర్చున్న మస్తానమ్మ ఊపిరి వదిలింది.

సాయంత్రం ఝాన్సీలక్ష్మి ప్రిన్సిపాల్ గది నుంచి మస్తానమ్మ కోసం ల్యాబుకు పరుగున వచ్చింది. ల్యాబు తాళాలు మేకుకు వేలాడుతున్నాయి. మస్తానమ్మ రోజూ ఎక్కే కారంపూడి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. బీరువా పక్కన స్టూలుమీద మూడు కాళ్ళ రాగి ముక్క ఉంది, ఒక కాలికి ఎండిన రక్తంతో.